టెంకలు ఏరినవాళ్ళదే చెట్టు

స్కర్దూ
నవంబరు 3, 1996

బాకిర్‌కు,

సలాం.

అక్టోబరు పదో తేదీలోగా మా అమ్మను కంచరగాడిద మీద తెచ్చి నా గుమ్మం ముందు దింపుతానని 1971 ఆగస్టులో నువ్వు ఒట్టు వేశావు. స్కర్దూలో, ఇదే ఇంటి మెట్ల మీద, గడ్డం పట్టుకుని. అప్పటికి నీకు పట్టుకునేంత గడ్డం లేదు. నా భార్య తలుపు చాటున నవ్వింది. నేను నవ్వలేదు, నమ్మాను. అమ్మ కోసం గదికి సున్నం కొట్టించాను. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది, నువ్వు రాలేదు. డిసెంబరులో యుద్ధం వచ్చింది. మన ఊరు చూలీథాంగ్ ఉన్నచోటే ఉంది, సరిహద్దు జరిగి దాని దేశం మారింది. అంతకుముందు మన ఊరికీ నాకూ మధ్య నాలుగు రోజుల దారి ఉండేది. ఆ తర్వాత దారే లేదు.

అమ్మ 1983లో పోయింది. ఆ సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. మా వీధి రొట్టెల హుస్సేన్ హజ్‌కు వెళ్ళి, మక్కాలో మీ ఊరివాణ్ణి ఎవరినో కలిసి, వచ్చి చెప్పాడు. రొట్టె చేతికిస్తూ చెప్పాడు. ఆ రొట్టెను ఏం చేశానో గుర్తులేదు.

ఈ ఇరవై అయిదేళ్ళలో నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఇప్పుడు రెండు పేజీల ఉత్తరం. మొదటి పేజీలో నా ఆరోగ్యం, నా మోకాళ్ళు. రెండో పేజీలో పెరట్లోని ఖుబానీ చెట్టుకు జబ్బు చేసింది, ఏం చెయ్యాలి అని. చిట్టచివర, ఏమీ ఎరగనట్టు, "చెట్టును బాకిర్ ఇంటివాళ్ళకు ఇచ్చాను అని ఇద్దరు సాక్షులతో ఒక కాగితం రాసి పంపు" అని. నేను చాలా పుస్తకాలు చదివాను బాకిర్. వాటిలో సగం మరిచిపోయాను కానీ, ఉత్తరంలో అసలు సంగతి చివరి వాక్యంలో ఉంటుందన్నది మరిచిపోలేదు.

నాకు కొన్ని అనుమానాలు ఉన్నాయి. ఇది నీ చేతిరాత కాదు. నీకు చేతిరాత అంటూ ఏదీ లేదు. మూడో తరగతిలో పలక పగలగొట్టి బడికి దణ్ణం పెట్టినవాడివి. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల రాతలు దిద్దినవాణ్ణి నేను. ఇది నిదానంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసే మనిషి చెయ్యి. ఎవరది? నీ వెనక కూర్చుని ఎవరు నడిపిస్తున్నారు?

రెండోది. మన ఊరి కట్టుబాటు నువ్వు మరిచిపోయినట్టు నటిస్తున్నావు కాబట్టి గుర్తు చేస్తున్నాను. మా నాన్న తాతకంటే ముందే పోయాడు కాబట్టి నేలంతా మీ నాన్నకు వెళ్ళింది. మాకు పిడికెడు మట్టి రాలేదు. కానీ ఆ చెట్టు నేలది కాదు. మా అమ్మకు పుట్టింటివాళ్ళు పొలం ఇవ్వలేదు, ఆడపిల్లకు ఎవరిస్తారు, ఒక ఖుబానీ కొమ్మ ఇచ్చి పంపారు. నేను పుట్టిన ఏడు చేదు టెంక నాటి, దానికి ఆ కొమ్మ అంటు కట్టింది. నేల మీవాళ్ళది, చెట్టు ఆమెది. రాలిన పండు దారినపోయేవాడు ఎవడైనా తినొచ్చు, టెంక మాత్రం అక్కడే వదిలిపోవాలి. టెంకలు ఏరినవాళ్ళదే చెట్టు. మూడు పంటలు వరుసగా యజమాని ఏరకపోతే చెట్టు నేలగలవాడిదైపోతుంది. అమ్మ పోయి పదమూడేళ్ళు. ఆ లెక్కన చెట్టు ఎప్పుడో నీదైపోయింది. నీదైనదాన్ని నన్నెందుకు అడుగుతున్నావు? ఇందులో ఏదో ఉంది.

కవరుకు జిగురు రెండు సార్లు అంటించి ఉంది. మధ్యలో విప్పి చదివే పెద్దమనిషికి, ఏ వైపువాడైనా, నా సలాం. అయ్యా, ఇందులో రహస్యమేదైనా ఉంటే దయచేసి నాకు కూడా చెప్పండి.

జవాబు రాస్తే రాయి. మా అమ్మ పేరు మాత్రం ఎత్తకు.

జవాద్


చూలీథాంగ్
జనవరి 20, 1997

జవాద్ అన్నా,

సలాం. నీ ఉత్తరం అందింది. తిట్లు చూసి ప్రాణం లేచొచ్చింది. నువ్వు మెత్తగా రాసి ఉంటే జబ్బుతో ఉన్నావేమోనని భయపడేవాణ్ణి.

మనకు నీళ్ళ వంతులు పంచే అబ్బాస్ గుర్తున్నాడా? ఇప్పటికీ ఆయనే. నీ ఉత్తరం వచ్చిన రోజు కాలువ గట్టు మీద అందరి ముందూ, "ఏం బాకిర్, చెట్టుకు జబ్బు చేస్తే వైద్యుడు సరిహద్దు అవతల దొరికాడా? మరి మందు ఏ సైన్యం తెస్తుంది?" అన్నాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వనీ. ఆ చెట్టు మీద మొదట దాన్ని నాటిన పిన్ని చెయ్యి పడింది. పిన్ని చెయ్యి తర్వాత నీ చెయ్యి పడింది. మూడో చెయ్యి నా భార్య హలీమాది. హలీమా కిందటి చలికాలంలో పోయింది అన్నా. నీకు రాయలేదు. ఎలా రాయాలో తెలియలేదు. నేను ముప్ఫై ఏళ్ళు రోడ్డు పనిలో ఉన్నాను. నాకు రాయి ఎక్కడ కొడితే పగులుతుందో తెలుసు, కొమ్మ ఎక్కడ కోస్తే బతుకుతుందో తెలియదు.

చెట్టు సంగతి ఇది. కొట్టం వైపు పెద్ద కొమ్మ పోయిన ఏడు పూత పూసి, ఆకు వెయ్యకుండానే ఎండిపోయింది. మొదలు మీద అక్రోటు కాయంత జిగురు ముద్దలు కడుతున్నాయి. గీకితే మళ్ళీ వస్తాయి. తొలి చలికి బెరడు చీలింది. దక్షిణపు గోడ మీదికి వాలిన కొమ్మ ఒక్కటే బాగుంది, అది మూడు బుట్టలు ఇచ్చింది. ఈ రకం ఊళ్ళో ఇంకెక్కడా లేదు అన్నా. పప్పు తీపి, తొక్క పలుచన. పిన్ని పుట్టింటి ఊళ్ళో తల్లి చెట్టు వరదకు కొట్టుకుపోయి ఇరవై ఏళ్ళయింది. ఇది పోతే ఇంక లేదు. ఒకళ్ళు కొట్టెయ్యమంటారు, ఒకళ్ళు సున్నం పూయమంటారు, ఒకళ్ళు తాయెత్తు కట్టమంటారు. నువ్వేమంటావో చెప్పు.

చేతిరాత ఎవరిదైతే ఏముంది, మాట నాదే. టెంకల సంగతి పెద్ద కథ, కాగితం పంపితే తర్వాత తీరిగ్గా చెబుతాను. ఆ అక్టోబరు గురించి నేనేమీ చెప్పను. నన్నే తిట్టు. అలవాటైపోయింది.

కవరులో ఏడు టెంకలు పెట్టాను, పోయిన పంటవి. పగలగొట్టి తిని చూడు. తీపి పోలేదు.

నీ తమ్ముడు,
బాకిర్


స్కర్దూ
మార్చి 28, 1997

ప్రియమైన తమ్ముడు బాకిర్‌కు,

సలాం. హలీమా మరణం విని బాధ కలిగింది. ఆమె ఇల్లాలిగా వచ్చినప్పుడు నేను అక్కడ లేను, పోయినప్పుడూ లేను. దేవుడు ఆమెకు మంచిచోటు ఇవ్వాలి.

కవరులో టెంకలు లేవు. కవరు ఒక మూల చించి, కాగితం ముక్క అంటించి ఉంది. ఏడు టెంకల్లో ఏ దేశపు రహస్యం దాచి ఉందోనని ఎవరో పగలగొట్టి చూసి ఉంటారు. లేదా నువ్వు అసలు పెట్టనే లేదు. రెండింటిలో ఏది నమ్మాలో నిర్ణయించుకోవడానికి నా దగ్గర ఉన్నది నీ పాత ఒట్టు ఒక్కటే. దాన్నిబట్టి చూస్తే రెండోదే నమ్మాలి.

"టెంకల కథ పెద్దది, కాగితం పంపితే చెబుతాను" అంటున్నావు. సంతకం పెట్టించుకున్నాక కథ చెప్పేవాళ్ళ గురించి నాకు తెలుసు. చేతిరాత ఎవరిదో చెప్పవు. అక్టోబరు గురించి చెప్పవు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివన్నీ చెబుతావు, అడిగినదానికి నవ్వుతావు.

అయినా చెట్టు ఏ పాపం చేసింది? నేనిక్కడ పెరట్లో మూడు ఖుబానీలు నాటాను. మొదటిదాన్ని పూతలో చలి కొట్టింది. రెండోదాన్ని పక్కింటి మేక కొరికింది. మూడోది పద్నాలుగేళ్ళుగా బతికే ఉంది, ఏటా విరగకాస్తుంది, పండు పులుపు, పప్పు విషం. "నాటిన చేతి రుచే వచ్చింది" అంటుంది నా భార్య. కాబట్టి చెట్ల గురించి నాకు కొంత తెలుసు. మందు చెబుతాను, శ్రద్ధగా చెయ్యి.

జిగురు కారడం అంటే చెట్టుకు దాహం. మొదలు చుట్టూ మోకాలి లోతు పాదు తియ్యి. నీ నీళ్ళ వంతు వచ్చినప్పుడల్లా పాదు నిండా పట్టి, మూడు రోజులు ఇంకకుండా నిలవ ఉంచు. పచ్చి పేడ తెచ్చి వేళ్ళ మీదే పొయ్యి. ఈ ఉత్తరం చేరేసరికి పిందె దిగి ఉంటుంది, రసం ఎక్కుతూ ఉంటుంది. అదే మంచి సమయం. జిగురు కనిపించిన ప్రతి కొమ్మనూ మొదలంటా నరికెయ్యి. దక్షిణపు గోడ మీది కొమ్మను కూడా, అది మిగతా చెట్టు బలమంతా లాగేస్తూ ఉంటుంది. కోసిన చోట ఏమీ పూయకు, గాలి తగలనివ్వు.

చెట్టు కోలుకున్నాక కాగితం గురించి నిదానంగా మాట్లాడుకుందాం.

నీ మేలు కోరే అన్న,
జవాద్


చూలీథాంగ్
జూన్ 15, 1997

జవాద్ అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి "ప్రియమైన తమ్ముడు" దగ్గర ఆగిపోయాను. నువ్వు నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. అక్కడే అనుమానించాల్సింది.

మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే ఖుబానీ చస్తుందని మా మేకకు కూడా తెలుసు అన్నా. రసం ఎక్కేటప్పుడు కొమ్మ నరికితే గాయం మానదని తెలుసు. బాగున్న ఒక్క కొమ్మనూ నరకమన్నావు. నేను రాళ్ళు పగలగొట్టినవాణ్ణే కానీ నా బుర్రలో రాళ్ళు లేవు. అబ్బాస్‌కు చదివించి వినిపిస్తే ఆయన నవ్వలేదు. "వీడు చెట్టును కాదు, నిన్ను నరకమంటున్నాడు" అన్నాడు.

నువ్వు తిట్టినన్నాళ్ళు నాకు బాధ లేదు. తిట్టు అంటే లెక్క బాకీ ఉందని అర్థం, మనిషి ఇంకా మనవాడే అని అర్థం. కానీ వైద్యం అడిగితే విషం రాసిచ్చావు. అది కూడా మా పిన్ని చెట్టుకు. ఇంక నేను నోరు మూసుకోను. ఒక మనిషికి ఇచ్చిన మాట ఇవాళ తప్పుతున్నాను. నీకిచ్చిన మాట ఎందుకు తప్పానో చెబుతున్నాను.

ఆ ఏడు నేను ఒకసారి కాదు, మూడుసార్లు కంచరగాడిదను తోలుకుని ఇంటి ముందుకొచ్చాను. సెప్టెంబరు చివర మొదటిసారి. పిన్ని డాబా మీద ఉంది, ఖుబానీలు ఆరబోస్తోంది.

"పిన్నీ, మూట కట్టు, పోదాం."

"ఎండాలి కదరా. పచ్చివి మూట కడితే బూజు పడతాయి. వారం ఆగు."

వారం తర్వాత వెళ్ళాను. డాబా ఖాళీ. ఆవిడ కింద కూర్చుని టెంకలు పగలగొడుతోంది.

"ఇంకా నూనె తియ్యలేదురా. కొడుకు దగ్గరికి ఒట్టి చేతులతో పోనా?"

మూడోసారి అక్టోబరు ఎనిమిదిన. అప్పటికి నాకు కోపం వచ్చింది. దుప్పట్లు నేనే మూట కట్టి గాడిద మీద వేశాను. పిన్ని పెరట్లోకి పోయి చెట్టు కింద కూర్చుంది.

"పిన్నీ, గడ్డం పట్టుకుని ఒట్టు వేశాను."

"నీ గడ్డం నీది, నా చెట్టు నాది."

"చెట్టును ఎవరు ఎత్తుకుపోతారు?"

"మూడు పంటలు నేను లేకపోతే మీ నాన్నదైపోతుంది. మీ నాన్న మంచివాడే. నా చెట్టును కూడా మంచిగానే తీసుకుంటాడు." ఇంకా అంది: "ఒరేయ్ బాకిర్, ఈ నేల మీది, ఇల్లు మీది. నేను కప్పుకున్న ఈ శాలువా మీ అమ్మ వాడి ఇచ్చింది. అక్కడికి పోతే కోడలి ఇల్లు. చూపించిన గదిలో పడుకోవాలి, పెట్టింది తినాలి. ఈ లోకంలో నన్ను అడిగి ముట్టుకోవాల్సింది ఏదైనా ఉందంటే ఈ చెట్టు ఒక్కటే. మీ నాన్న కూడా దీన్ని ఊపాలంటే, 'మరదలా, ఊపనా?' అని అడుగుతాడు."

"జవాద్ అన్న అక్కడ నీకు పది చెట్లు నాటిస్తానన్నాడు కదా."

"వాడు నాటితే వాడివే అవుతాయి."

గాడిద మీది దుప్పట్లు దించాను. "మరి అన్నకు ఏం చెప్పను?" అన్నాను.

"నువ్వు రాలేదని చెప్పు. నీ మీద కోపం వస్తే ఏడాదిలో పోతుంది. నా మీద వస్తే పోదు. వాణ్ణి కన్నదాన్ని నేను." నా చెయ్యి తీసుకుని చెట్టు మొదలు మీద పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఏడాదిలో పోతుందని ఆవిడ నిజంగానే అనుకుంది. వచ్చే వేసవికి నిన్ను చూసి రావడానికి వెళతానని కూడా అంది. డిసెంబరులో ఏం జరుగుతుందో ఆవిడకేం తెలుసు, నాకేం తెలుసు?

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. నాలుగు రోజుల దారి కదా, నువ్వే వచ్చి తీసుకుపోవచ్చు కదా? బడి సెలవివ్వలేదన్నావు.

ఇంక టెంకలు. పిన్ని పోయేముందు హలీమాను పిలిచి, "టెంకలు జవాద్ పేరున ఏరు" అంది. హలీమా పదమూడేళ్ళు ఏరింది. ప్రతి ఏడూ అబ్బాస్‌ను పెరట్లోకి పిలిచి, బుట్ట చూపించి, "ఇవి జవాద్‌వి, గుర్తు పెట్టుకో" అనేది. ఆ పప్పు మొహర్రంలో నీ పేరున ఊరంతా పంచేది. మా ఇంట్లో ఎవరూ ఒక్క గింజ తినలేదు. అందుకని చెట్టు ఇంకా నీదే. అందుకే నిన్ను అడిగాను.

బాకిర్

జవాద్ పెదనాన్నా,

నాన్న నీళ్ళ వంతుకు వెళ్ళాడు. ఇక్కడి నుంచి నా మాట. ఈ చేతిరాత నాది. నా పేరు మర్జియా, ఆయన కూతుర్ని. నా గురించి రాయొద్దని నాన్న ఒట్టు పెట్టాడు. మన ఇంట్లో ఒట్లు ఎక్కువే.

మూడేళ్ళ కిందట నా భర్త మంచుపెళ్ళల కింద పడి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చాను. తమ్ముళ్ళిద్దరూ మంచివాళ్ళు. వాళ్ళ భార్యలు కూడా మంచివాళ్ళు. పొద్దున టీ నాకే మొదట ఇస్తారు, చుట్టానికి ఇచ్చినట్టు. పొలం, ఇల్లు తమ్ముళ్ళ పేరున అయిపోయాయి. నాన్న చేతిలో నాకివ్వదగ్గదంటూ ఏదైనా ఉంటే ఈ చెట్టే, అది ఆయనది కాదు. ముందే నా సంగతి రాద్దామన్నాను. "జాలి చూపించి ఇస్తే జవాద్ అన్న జీవితాంతం నిన్ను జాలిగానే చూస్తాడు. ఇంటివాళ్ళకని అడుగుతాను, వచ్చాక నీకిస్తాను" అన్నాడు.

గోడ పక్కన రెండేళ్ళ కిందట నేను చేదు టెంక ఒకటి నాటాను. మొక్క వేలెడు లావైంది. పాత చెట్టు నుంచి దానికి అంటు కట్టాలి. మీ అనుమతి లేకుండా ఒక్క రెమ్మ తుంచలేదు. కొట్టం వైపు ఇంకో కొమ్మ ఈ ఏడు పూయలేదు.

మీరు ఇవ్వనంటే ఇవ్వకండి, అది మీ ఇష్టం. కానీ మందు మాత్రం నిజం చెప్పండి పెదనాన్నా. చెట్టు మీకు ఏ మాటా ఇచ్చి తప్పలేదు.

మర్జియా


స్కర్దూ
ఆగస్టు 30, 1997

బాకిర్‌కు, మర్జియాకు,

మొదట నేను నమ్మలేదు. చనిపోయినవాళ్ళ నోట్లో మాటలు పెట్టడం తేలిక, వాళ్ళు వచ్చి కాదనరు. మూడు రోజులు ఉత్తరాన్ని ముందు పెట్టుకుని, పిల్లల జవాబు పత్రంలో కాపీ పట్టుకున్నట్టు ఒక్కొక్క వాక్యం తడిమి చూశాను. "వాడు నాటితే వాడివే అవుతాయి" దగ్గర ఓడిపోయాను. అది కల్పించే తెలివి బాకిర్‌కు లేదు. ఆ తెలివి ఆ ఇంట్లో ఒక్కరికే ఉండేది.

నా భార్యకు చదివి వినిపించాను. ఆమె ఊలు వడుకుతోంది, ఆపలేదు. "ఆవిడ వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు. గది చూపించేదాన్ని" అంది. మళ్ళీ, "సున్నం కొట్టిన గదే" అంది.

మార్చిలో నేను రాసిన మందు అబద్ధం. పొరపాటు కాదు, తెలిసే రాశాను. చెట్టు నీకు దక్కడం కంటే చావడం మేలనుకున్నాను. క్షమాపణ అడగడం నాకు అలవాటు లేదు, అరవై అయిదేళ్ళ వయసులో నేర్చుకోలేను. దాని బదులు అసలు మందు చెబుతున్నాను.

పాదు తీసి ఉంటే వెంటనే పూడ్చండి. మొదలు దగ్గర మట్టి ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉండాలి. నీళ్ళు కొమ్మల అంచు నీడ ఎంత దూరం పడుతుందో అక్కడ పారాలి, మొదలును తాకకూడదు. కాయ రంగు తిరిగాక నీళ్ళు సగానికి తగ్గించండి. ఎండిన కొమ్మల్ని కోయాల్సింది పంట అయిపోయాక, పొడి ఎండలో. ఈ ఉత్తరం చేరేసరికి చలి మొదలైతే, వచ్చే ఏడు దాకా ముట్టుకోకండి. జిగురును కత్తితో గీకి, కింద మంచి చెక్క కనిపించేదాకా శుభ్రం చేసి, బంకమట్టి, బూడిద, ఆవుపేడ కలిపి మెత్తండి. మంచు పడకముందు మొదలుకు సున్నం పూయండి. అక్కడ చలికాలపు ఎండే బెరడును చీలుస్తుంది, చలి కాదు. పూత మీద ఉన్నప్పుడు ఆకాశం తేటగా ఉంటే తెల్లవారుజామున తడి గడ్డి కాల్చి పొగ పెట్టండి.

మర్జియా, అంటు నువ్వే కట్టు, తమ్ముళ్ళ చేత కట్టించకు. వచ్చే జూన్‌లో, బెరడు చెక్కను వదిలి జారే రోజుల్లో. దక్షిణపు కొమ్మ నుంచి ఆ ఏటి రెమ్మ తీసుకో, నీ మొక్కంత లావుది. చిగురు కన్ను ఉన్నచోట పైనా కిందా చుట్టూ గాటు పెట్టి మెల్లగా తిప్పితే బెరడు ఉంగరంలా ఊడి వస్తుంది. మొక్క తల కోసి, అంతే మేర బెరడు ఒలిచి, ఆ ఉంగరాన్ని పైనుంచి తొడుగు. వదులైతే నిలవదు, బిగువైతే చిరుగుతుంది. మూడు పాడవుతాయి, నాలుగోది నిలుస్తుంది. ఒలిచిన చెక్కను వేలితో తాకకు. నాకు పన్నెండో ఏట నేర్పుతూ, తాకినప్పుడల్లా నా వేలి మీద కొట్టింది మా అమ్మ.

ఇంక కాగితం.

"జవాద్ అనే నేను, చూలీథాంగ్‌లో బాకిర్ పెరట్లో ఉన్న మా అమ్మ ఖుబానీ చెట్టును, దాని నీడతో, పండుతో, టెంకలతో, దాని నుంచి అంటుకట్టిన ప్రతి మొక్కతో సహా, బాకిర్ కూతురు మర్జియాకు ఇచ్చాను. ఆమె తండ్రికి కాదు, తమ్ముళ్ళకు కాదు, ఇకముందు ఆమెను చేసుకోబోయేవాడికి కాదు. దాన్ని ఊపాలంటే ఆమెను అడగాలి. సాక్షులు: రొట్టెల హుస్సేన్, నా భార్య జైనబ్."

ఇది వేరే కాగితం మీద, వేలిముద్రలతో, లోపల ఉంది. నకలు ఇంకొకటి వచ్చే నెల పంపుతాను, నకలుకు నకలు ఆపై నెల. మధ్యలో విప్పేవాళ్ళు ఎన్ని ఆపగలరో చూస్తాను. మర్జియా, ఇది జాలి కాదు. ఏడాదికోసారి అబ్బాస్‌ను పెరట్లోకి పిలిచి బుట్ట చూపించి, "ఇవి నావి" అను. గట్టిగా అను, నీ మరదళ్ళు వినేలా.

బాకిర్, నీ సంగతి. నువ్వు నాకిచ్చిన మాట తప్పి ఆమెకిచ్చిన మాట నిలబెట్టావు. ఇరవై అయిదేళ్ళు ఇంకొకరి తిట్లు తిన్నావు. నీ మీద నాకు మిగిలినదేమీ లేదు. సెలవు గురించి అడిగావు. ఆ ఏడు పరీక్షలు ఉన్నాయి, అది నిజం. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు, అదీ నిజం. ఈ రెండు నిజాలూ కలిపినా జవాబు కాదని నాకు తెలుసు. మీ నాన్న మీద కూడా కోపం లేదు. ఆయన "ఊపనా?" అని అడిగేవాడన్నది విన్నాక పోయింది. యుద్ధం చేసినవాళ్ళ మీద కోపగించుకుందామంటే వాళ్ళ పేర్లు నాకు తెలియవు.

చెట్టును వదిలి రానన్నందుకు కూడా కాదు. అది నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే కాగితం రాశాను. కానీ నాకు అర్థం కాదని ముందుగానే తీర్పు చెప్పేసి, తలుపు వేసుకున్న మనిషి ఒకరున్నారు. "రానురా, నా చెట్టు కింద ఉంటాను" అని ఒక్క కబురు నాకు పంపి ఉంటే, ఇన్‌స్పెక్టర్ మొహాన పుస్తకాలు కొట్టి, ఆ అక్టోబరులోనే నడిచి వచ్చేవాణ్ణి. వచ్చేవాణ్ణో లేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తెలుసుకునే అవకాశం నాకు ఇవ్వలేదు. ఊరు ఏ దేశంలోకి పోయినా ఇద్దరం కలిసి పోయేవాళ్ళం. నా పేరున పదమూడేళ్ళు టెంకలు ఏరించింది కానీ, నాకు ఒక్క మాట చెప్పించలేదు. కోపం తన మీద వస్తే పోదని తను అన్నదట. నా గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు, ఆ మాట కూడా నిజమే. నీ మీద పెట్టుకున్నదంతా ఎత్తి అక్కడ దించాను బాకిర్, ఒక్క పిసరు తగ్గలేదు. నేను ఇప్పటికీ తప్పుపడుతున్నది మా అమ్మను, ఫిజా బీబీని.